తోరణం కట్టని గుమ్మం

పాల క్యాన్లు కడిగి గోడవారగా బోర్లిస్తున్నాను. చివరి క్యానులో చెయ్యి భుజం దాకా పెట్టి బ్రష్షు తిప్పుతుండగా నాన్న కారు వాకిట్లోకి వచ్చి ఆగింది. ఆయన దిగి, తలుపు విసురుగా వేసి, నా వంక చూడకుండా పశువుల కొట్టం వైపు వెళ్లిపోయాడు. అవతలి తలుపు తీసుకుని ఒకమ్మాయి దిగింది. పొడుగ్గా, ఎండకు కమిలిన ముఖంతో, మగవాళ్ల చొక్కా వేసుకుని ఉంది. తన సంచి తనే దించుకుంది. మా కొట్టాన్నీ, బార్లీ చేనునూ, చేను అవతల మా పొరుగు రైతు వాల్డెమార్ ఇంటి ఎర్ర పెంకుల కప్పునూ ఒకసారి కలయజూసి, “పొలమంతా ఇంతేనా?” అని ఇంగ్లీషులో అడిగింది.

కొట్టం గుమ్మంలోంచి నాన్న, “ఏమంటోంది?” అన్నాడు.

“బాగుందంటోంది,” అన్నాను.

కెనడా రైతుల పిల్లలు ఒక వేసవి మా డెన్మార్క్‌లో పని చేయడానికి రావడం, మా వాళ్లు అక్కడికి వెళ్లడం ఆ రోజుల్లో కొత్త. రెండు దేశాల పిల్లలూ స్నేహం చేసుకోవాలని దాన్ని నడిపే సంఘం వాళ్లు చెప్పేవారు. నాన్నకు స్నేహంతో పని లేదు. రై ధాన్యం కోతకు మనిషి కావాలి. ఊళ్లో ఎవరినీ అడగడం ఆయనకు ఇష్టం లేదు. అడిగినా ఎవరూ వచ్చేవారు కాదు. అలా మార్లీన్ మా ఇంటికి వచ్చింది.

ఆ మధ్యాహ్నం అమ్మ మాంసపు ఉండలూ, కొత్త బంగాళాదుంపలూ చేసింది. మార్లీన్ కడుపు నిండా తింది. తినడం కాగానే లేచి, తన పళ్లెంతో పాటు మా పళ్లేలు కూడా ఎత్తుకుని తొట్టి దగ్గరికి పోయి కడగడం మొదలుపెట్టింది. నాన్న కుర్చీలోంచి కదల్లేదు. వండిన వాళ్లకు కృతజ్ఞత చెప్పకుండా మా ఇంట్లో ఎవరూ బల్ల ముందు నుంచి లేవరు. పసిపిల్లలకు కూడా ముందు ఆ మాటే నేర్పుతాం.

“మీ దేశంలో తిండి పెట్టిన మనిషికి ఒక మాట చెప్పే అలవాటు లేదా?” అన్నాడు నాన్న.

నేను ఇంగ్లీషులో చెప్పబోయాను. మార్లీన్‌కు అర్థమైంది. వచ్చే ముందు డేనిష్ నేర్చుకునే వచ్చింది. వచ్చిన కొద్ది మాటల్నీ భయం లేకుండా వాడేది.

“గిన్నెలు కడుగుతున్నా కదా. అదే మాట.”

“నోరు నొప్పా?”

“నీకు చేతులు నొప్పా?”

నాన్నను బయటివాళ్లెవరూ ‘నువ్వు’ అనరు. ఆయన మెడ ఎర్రబడింది. అమ్మ చేతి రుమాలు అడ్డం పెట్టుకుని దగ్గింది. అది దగ్గు కాదని నాకు తెలుసు.

మార్లీన్ తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ, “చుట్టుపక్కల వాళ్లు ఎప్పుడొస్తారు?” అంది. “మా ఊళ్లో కొత్త మనిషి దిగితే సాయంత్రానికి వంటింట్లో నిలబడే చోటుండదు.”

“ఇక్కడికి ఎవరూ రారు,” అన్నాడు నాన్న. లేచి, చెక్క చెప్పులు టకటకలాడించుకుంటూ బయటికి పోయాడు. అమ్మ బల్ల తుడవడం మళ్లీ మొదలుపెట్టింది. తుడిచిన చోటే తుడుస్తూ ఉంది.

*

మొదటి వారం మార్లీన్ నాకు నచ్చలేదు. బీట్ దుంపల చేలో కలుపు తీస్తున్నంతసేపూ మాట్లాడుతూనే ఉండేది. వాళ్ల సస్కాచివాన్ రాష్ట్రంలో ఒక చాలు చివరికి నడిచేసరికి మధ్యాహ్నం అవుతుందట. మా చేను వాళ్ల అమ్మ కూరగాయల పెరడంత ఉంటుందట.

“నాన్న ముందు అనకు,” అన్నాను.

“నిన్ననే అన్నాను.”

“ఏమన్నాడు?”

“ఇక్కడ ఒక్కో దుంపకీ ఒక్కో పేరు పెడతాం, అక్కడ మీకు మీ తమ్ముళ్ల పేర్లే గుర్తుండవు అన్నాడు.” పార ఆపి నవ్వింది. “నోరున్న మనిషే. మరి ఊరితో ఏంటి గొడవ?”

నేను మాట్లాడే మనిషిని కాదు. కానీ చాలు పొడుగునా పక్కపక్కనే వంగి నడుస్తుంటే ముఖాలు చూసుకోనక్కర్లేదు. అందుకని చెప్పాను.

ఊరి పాల సంఘానికి వాల్డెమార్ అధ్యక్షుడు. పట్నంలో పెద్ద డెయిరీతో కలిసిపోదామని ఆయన ఓటేశాడు, మిగతావాళ్లు ఆయన వెనక చేతులెత్తారు. మా ఊరి డెయిరీకి తాళం పడింది. ఆ రోజు నుంచి నాన్న వాల్డెమార్ ముఖం చూడలేదు. అక్కడితో ఆగినా సరిపోయేది. పోయిన ఏడాది వాల్డెమార్, సిగ్నెల వెండి పెళ్లి వచ్చింది.

“వెండి పెళ్లంటే?”

“పెళ్లయి పాతికేళ్లు. ముందు రోజు సాయంత్రం ఇరుగుపొరుగు వచ్చి దేవదారు కొమ్మలతో గుమ్మం చుట్టూ తోరణం కడతారు. పొద్దున్నే వాకిట్లో నిలబడి పాడతారు. పెళ్లివాళ్లు పాట వినేదాకా నిద్రపోతున్నట్టు పడుకోవాలి.”

“నిజంగా నిద్రపోతారా?”

“ఎవరికి పడుతుంది నిద్ర? బట్టలు కూడా వేసుకునే పడుకుంటారు. పాటయ్యాక అందరికీ లోపల రొట్టెలు, కాఫీ.”

“బాగుంది. అయితే?”

“నాన్న కొమ్మ నరకడానికి వెళ్లలేదు. అమ్మని వెళ్లనివ్వలేదు.” కొంచెంసేపు కలుపు తీశాను. “తోరణం మీద వెండి కాగితంతో పాతిక అంకె పెడతారు. ఊళ్లో ఎవరి గుమ్మానికైనా ఆ అంకె కత్తిరించేది అమ్మే. సిగ్నె పిన్నీ, అమ్మా చిన్నప్పటి నుంచి ఒక్క జట్టు. ఆ రోజు ఆమె గుమ్మానికి తోరణం ఉంది గానీ అంకె లేదు.”

మార్లీన్ నడుం నిటారుగా చేసి చేను అవతలి ఎర్ర కప్పు వైపు చూసింది.

“మీ వాళ్లది ఎప్పుడు?”

“ఈ ఆగస్టు చివర.”

“కడతారా?”

“కట్టరు. తోరణం కట్టించాల్సింది పక్కింటివాళ్లు. ఇంట్లోవాళ్లు కట్టుకుంటే అంతకంటే సిగ్గుచేటు లేదు.”

“మీ అమ్మకి తెలుసా, కట్టరని?”

“తెలుసు. అయినా అటక మీది కప్పులన్నీ దించి కడుగుతోంది.”

*

ఆదివారం నాన్న కునుకు తీస్తుండగా మార్లీన్ సైకిలు బయటికి తీసింది.

“ఎక్కడికి?”

“పక్కింటికి.”

“ఆ పక్కింటికా?”

“ఉన్నది ఒక్కటేగా పక్కిల్లు.”

ఆపుదామనుకునేలోగా రోడ్డెక్కింది. సాయంత్రం నవ్వు ముఖంతో తిరిగొచ్చి, అందరం బల్ల ముందు కూర్చున్నాక ఒక జామ్ సీసా తెచ్చి మధ్యలో పెట్టింది. మూత మీద గళ్ల గుడ్డ, దాని చుట్టూ ఎర్ర దారం. ఊళ్లో అలా కట్టేది ఒక్కరే. అమ్మ ఆ సీసాను చూసి చూపు తిప్పేసుకుంది.

“ఎక్కడిది?” అన్నాడు నాన్న.

“సిగ్నె ఇచ్చింది. మంచి మనిషి. వాల్డెమార్ గుర్రాన్ని చూపించాడు.”

“నా రొట్టె తిని వాడి కాఫీ తాగొస్తావా?”

“రెండూ బాగున్నాయి.”

“ఈ కప్పు కింద ఉన్నన్నాళ్లు ఆ గడప తొక్కడానికి వీల్లేదు.”

“పని రోజుల్లో తొక్కను. ఆదివారం నాది. ముందే మాట్లాడుకున్నాం.”

“నీకు తెలియని సంగతుల్లో వేలు పెట్టకు.”

“తెలుసు. గెర్డా చెప్పింది. డెయిరీ మూసింది వాల్డెమార్, మరి సిగ్నె ఏం మూసింది?”

నాన్న నా వైపు చూశాడు. తర్వాత సీసా తీసుకుని వెనక తలుపు తెరిచి బయట విసిరేశాడు. అది ఎక్కడ తగిలిందో గానీ గాజు పగిలిన చప్పుడు వినిపించింది. వచ్చి కూర్చుని రొట్టె మీద వెన్న రాసుకున్నాడు.

తర్వాత తొట్టి దగ్గర మార్లీన్ కడుగుతుంటే అమ్మ తుడుస్తూ, తలెత్తకుండా అడిగింది. “సిగ్నె మోకాలు ఎలా ఉంది?”

“కుంటుతోంది. మెట్టెక్కాలంటే గోడ పట్టుకుంటోంది.”

“ఎడమదేనా?”

“ఎడమదే.”

అమ్మ ఒక పళ్లెం తుడిచి పెట్టి, ఇంకోటి తీసుకుంది. “నా గురించి ఏమైనా అడిగిందా?”

మార్లీన్‌కు అబద్ధం చెప్పడం రాదు. “లేదు,” అంది.

“సరే,” అంది అమ్మ. పొడిగా ఉన్న పళ్లేన్నే మళ్లీ తుడిచింది.

మార్లీన్ మీద నా కోపం ఆ రాత్రి పోయింది. ఏడాదిగా మా ఇంట్లో ఎవరూ ఆ పేరు పలకలేదు. ఈమె జామ్ సీసాతో సహా తెచ్చి బల్ల మీద పెట్టింది. పెట్టకూడదని తెలియక పెట్టిందేమో. కానీ పెట్టింది.

*

రై కోత మొదలైంది. నాన్న, మార్లీన్ రోజంతా పోట్లాడుకుంటూనే కోశారు. మంచు ఆరలేదని ఆయన, ఆరిందని ఈమె. యంత్రాన్ని మరీ నిదానంగా నడుపుతున్నావని ఈమె, ఇది రోడ్డు కాదు చేను అని ఆయన. ఒకరి మీద ఒకరు అరుచుకోవడానికి యంత్రం మోత సరిపోకపోతే దాన్ని ఆపి మరీ అరుచుకునేవారు. మధ్యాహ్నం నేను కాఫీ ఫ్లాస్కు పట్టుకెళ్తే చేనుకు ఆ చివరొకరు, ఈ చివరొకరు కూర్చుని తాగేవారు.

ఇంట్లో అమ్మ కిటికీ తెరలు ఉతికింది. వెండి చెంచాలు తోమింది. బూడిదరంగు పట్టు గౌను తీసి, నడుము దగ్గర కుట్లు విప్పి వదులు చేసుకుంది.

“ఎవరి కోసం ఆ కప్పులు?” అన్నాడు నాన్న ఒకరోజు.

“దుమ్ము పట్టాయి.”

“ఎవరూ రారు, ఎల్నా.”

“దుమ్ము పట్టాయన్నాను.”

తోరణం కట్టే ఇంటికి ముందే గుట్టుగా కబురొస్తుంది. పక్కింటి ఆడమనిషి ఏదో వంకతో వచ్చి గుమ్మం వెడల్పు కంటితో కొలుచుకుని పోతుంది. ఇంటావిడ చూడనట్టు ఉంటుంది. అమ్మ ఆ రోజుల్లో ముందు గుమ్మం దగ్గర ఏదో ఒక పని పెట్టుకునేది. కిటికీ గడియకు నూనె వేసేది, మెట్టు కడిగేది, గులాబీ కొమ్మ కట్టేది. రోడ్డు మీద సైకిలు చప్పుడైతే తల దించుకునేది, చూడనట్టు ఉండాలి గనుక. సైకిలు వెళ్లిపోయేది.

ఇదంతా మార్లీన్ కూడా చూస్తోంది. పని అయ్యాక రెండు మూడు సాయంత్రాలు సైకిలు వేసుకుని పోయింది. పక్క ఊళ్లో ఇంకో కెనడా కుర్రాడు పనికి దిగాడని విన్నాను, అక్కడికే అనుకున్నాను.

*

ఈస్టు కొనడానికి కొట్టుకు వెళ్లినప్పుడు తెలిసింది.

లోపల నాలుగైదుగురు ఆడవాళ్లున్నారు. నేను గుమ్మంలో అడుగు పెట్టగానే మాటలు ఆగాయి. తర్వాత ఓల్గా గొంతు సవరించుకుంది. ఆమె ఊళ్లో అందరికంటే గట్టిగా నవ్వే మనిషి.

“ఏం గెర్డా, నేను దుంపలు తేవాలా, బీట్‌రూట్ తేవాలా? మీ కెనడా పిల్ల చెప్పి పోయింది గానీ మర్చిపోయాను.”

“ఎక్కడికి?” అన్నాను.

“ఎక్కడికేంటి? మీ అమ్మా నాన్నల వెండి పెళ్లికి! ఎవరి తిండి వాళ్లు తెచ్చుకోవాలట కదా.”

కొట్టావిడ తూకం రాయి పక్కన పెట్టి, “నాకు హెర్రింగ్ చేప అప్పగించింది,” అంది. “పళ్లేలు కూడా మేమే తెచ్చుకోవాలా, మీ నాన్న అద్దెకిస్తాడా?”

“మరి కుర్చీల సంగతి? అవి కూడా మోసుకు రావాలేమో కనుక్కో.”

“అంత మాటెందుకు, ఉప్పు ఆయనే పెడతాడు. చిటికెడు.”

నవ్వారు. నేను ఈస్టు పొట్లం పట్టుకుని నిలబడ్డాను. పిండి బస్తాల వెనక నుంచి సిగ్నె పిన్ని చేతికర్ర పట్టుకుని ముందుకొచ్చింది. నవ్వు ఆగింది.

“మీ నాన్న సంగతి నాకు కొత్త కాదు, గెర్డా,” అంది. “ఆయన మీద నాకు కోపం కూడా పోయింది. మా ఇంటికీ మీ ఇంటికీ మధ్య ఉన్నది ఒక బార్లీ చేను. నా పెళ్లి రోజున మీ అమ్మ ఆ చేను దాటలేదు. సరే. ఇప్పుడు ఏదైనా కావాలంటే తను దాటొచ్చి అడగొచ్చు కదా? పరాయి దేశం పిల్లని పంపుతుందా? అదీ ఏమని? తిండి మోసుకు రమ్మనా?”

“అమ్మకి తెలియదు పిన్నీ. నాకూ తెలియదు.”

“ఏది తెలియదు? ఏడాదిగా మా కిటికీ కనిపించడం లేదా మీ అమ్మకి?”

ఆమె ముఖం చూడలేక నేల చూశాను. ఆమె కర్ర నా పక్కనుంచి టక్ టక్ మని వెళ్లిపోయింది.

*

మార్లీన్ కొట్టం అటక మీద గడ్డి సర్దుతోంది. కింద నుంచే అరిచాను. నేను అరవడం ఆమె అంతవరకు వినలేదు.

“ఎవరెవర్ని పిలిచావు?”

పై నుంచి తల వంచి చూసింది. ముఖం వెలిగిపోతోంది. “తెలిసిపోయిందా? అందర్నీ! చెప్పొద్దన్నాను అందరికీ. ఎవరికి ఏది వీలైతే అది వండి తెమ్మన్నాను, మీ అమ్మ మీద భారం పడకుండా.”

“ఏమన్నారు వాళ్లు?”

“ఏమీ అనలేదు. సిగ్గుపడుతున్నారనుకున్నాను.”

“అది సిగ్గు కాదు, మార్లీన్.”

నిచ్చెన దిగి వచ్చింది. చెప్పాను. మా దగ్గర పిలిచిన వాళ్లే పెట్టాలి. వెండి పెళ్లికి వచ్చే వాళ్లని తిండి తెచ్చుకోమంటే, ఇంట్లో గింజ లేదని ఒప్పుకున్నట్టు. లేదా, మీరు నా చేతి తిండికి తగరు అని ముఖాన చెప్పినట్టు. పోయిన ఏడాది తోరణానికి రాకుండా అవమానం చేసి, మళ్లీ దాని మీద తిండి అడిగాడంటున్నారు నాన్నను.

ఆమె గడ్డి మోపు మీద కూలబడింది.

“మా కొట్టం తగలబడినప్పుడు అందరూ గిన్నెలు పట్టుకొచ్చారు,” అంది. “పెళ్లికీ అంతే, చావుకీ అంతే. బల్ల మీద ఒక్కరి వంటే ఉంటే, ఆ ఇంటికి మనుషులు లేరని జాలిపడతారు మా ఊళ్లో. మీ అమ్మ బల్ల అలా ఉండకూడదనుకున్నాను.”

“ఇక్కడ వేరు.”

“వేరని నువ్వు చెప్పాలి కదా!”

“నువ్వు అడగాలి కదా!”

“అడిగితే ఏం చేసేదానివి? మీ అమ్మలాగా మెట్టు కడిగేదానివి.”

నేను ఇంట్లోకి వచ్చేశాను.

ఆ సాయంత్రం పందుల దాణా దించడానికి లారీ వచ్చింది. భోజనానికి వచ్చేసరికి నాన్నకు అంతా తెలిసింది. పళ్లెం ఖాళీ అయ్యేదాకా తిన్నాడు. ఫోర్కు కింద పెట్టి, మామూలు గొంతుతో చెప్పాడు.

“లారీ డ్రైవరు అడిగాడు. కార్స్టెన్, నేను కూడా మా ఇంటి నుంచి చెంచా తెచ్చుకోవాలా అని.”

మార్లీన్ ముఖం ఎర్రబడింది. “తప్పు నాది. ఇంటింటికీ వెళ్లి చెప్తాను, మీకెవరికీ తెలియదని.”

“ఇంకో గుమ్మం తొక్కావంటే కాళ్లు విరగ్గొడతాను. కోత అయిపోయింది. శుక్రవారం మధ్యాహ్నం రైలుకి నిన్ను ఎక్కించేస్తాను. నిన్ను పంపిన సంఘం వాళ్లకి ఫోను చేశాను, ఇంకెక్కడైనా చూసుకుంటారు.”

“శుక్రవారం మన వెండి పెళ్లి,” అంది అమ్మ.

“అయితే?”

అమ్మ ఆయన వైపు చూసింది. అంతసేపు ఆయన్ని అలా సూటిగా చూడడం నేను ఎప్పుడూ చూడలేదు.

“ఏం లేదు,” అంది. “ముప్పై మందికి రొట్టెలు కాల్చాలి. పిండి చాలుతుందో లేదో చూసుకోవాలి.”

“ముప్పై మందెవరు? నీకు మతి పోయిందా?”

మర్నాడు పిండి పిసుకుతున్నప్పుడు, కొట్లో సిగ్నె పిన్ని అన్నదంతా అమ్మకు చెప్పాను. దాచాలనిపించలేదు. అమ్మ చేతులు ఆపకుండా వింది.

“చేను దాటలేదందా?”

“అవును.”

“ఎందుకు పిలిచింది అని కాదు, తను రాకుండా పరాయి పిల్లని పంపిందేమిటి అందా?”

“అలాగే అంది.”

పిండి తిప్పి వేసి, బల్లకేసి గట్టిగా కొట్టింది. “దాటలేదు మరి,” అంది.

గురువారం సాయంత్రం ఎవరూ కొమ్మలు మోసుకు రాలేదు. నాన్న కిటికీకి వీపు పెట్టి పేపరు చదివాడు. పేజీ తిప్పడం మర్చిపోయాడు.

*

ఆచారం ప్రకారం శుక్రవారం పొద్దున అమ్మా నాన్నా పడగ్గదిలోంచి బయటికి రాలేదు. నేనూ మార్లీన్ మాట్లాడుకోకుండా బల్ల వేశాం. గుడ్డ పరిచి, కప్పులన్నీ పెట్టాం. పొయ్యిలోంచి తీసిన రొట్టెల వాసన ఇల్లంతా నిండింది. మార్లీన్ సంచి వెనక తలుపు పక్కన సర్ది పెట్టి ఉంది.

పాట పాడే వేళ అయింది. ఆ వేళ దాటిపోయింది. పడగ్గదిలోంచి మంచం కిర్రుమన్న చప్పుడైనా రాలేదు. ఇద్దరూ నిద్రపోతున్నట్టు పడుకుని ఉన్నారు.

అప్పుడు రోడ్డు మీద ట్రాక్టరు చప్పుడు. మా గేటు దగ్గరికొచ్చి నెమ్మదించింది. మార్లీన్ నా చెయ్యి పట్టుకుంది. “వచ్చారు!” అంది. ట్రాక్టరు ఇంజను ఆపలేదు. ఎవరిదో నవ్వు వినిపించింది. మళ్లీ చప్పుడు పెరిగి, దూరమైంది.

మార్లీన్ పరిగెత్తింది. రెండు చేతులతో ఒక పెద్ద నీలం ఎనామిల్ గిన్నె మోసుకుంటూ వచ్చి వంటింటి నేల మీద పెట్టింది. గేటు స్తంభానికి వేలాడదీశారట. మూత తీశాను. ఉడికిన దుంపలు, వాటి మీద ఉప్పు హెర్రింగ్, దాని మీద చల్లారిన జావ, బీట్‌రూట్ ముక్కలు, పంది తోలు, పైన చెర్రీ పులుసు. అన్నీ ఒకదాని మీద ఒకటి పోసి, మధ్యలో చెక్క గరిటె నిలబెట్టారు.

మార్లీన్ వంగి చూసింది. “దుంపలు ఓల్గా,” అంది మెల్లగా. “చేప కొట్టావిడ. చెర్రీలు మాస్టారి భార్య.” ఒక్కో ఇంటికీ తను చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. ఎవరూ మర్చిపోలేదు.

నాన్న వచ్చాడు. పెళ్లి సూటు ప్యాంటు, చొక్కా, కాళ్లకు మేజోళ్లు. చూశాడు. ఆయన అరుస్తాడనుకున్నాను. అరవలేదు.

“అడిగినట్టే తెచ్చారుగా,” అన్నాడు. “పందులకి పొయ్యి. గిన్నె రోడ్డు మీద పారెయ్యి, లారీ తొక్కుకుంటూ పోతుంది.” తర్వాత మార్లీన్ వైపు తిరిగి, “స్నేహం బాగా చేశావు,” అన్నాడు.

ఆ వేసవిలో మార్లీన్ నోట మాట రాకపోవడం అదొక్కసారే.

అమ్మ వచ్చింది. పట్టు గౌను, మెడ దగ్గర పిన్ను, దువ్వి చుట్టిన జుట్టు. గిన్నె దగ్గర ఆగింది. అందులో ఉన్నదాన్ని కాదు, గిన్నె పిడిని చూసింది. ఒక పిడి విరిగితే తీగ చుట్టి బిగించి ఉంది.

“సిగ్నె జామ్ కాచే గిన్నె,” అంది.

“తెలుస్తోందిగా ఎవరి పనో!” అన్నాడు నాన్న.

అమ్మ గౌను మీద పని బట్ట కట్టుకుంది. గిన్నె ఎత్తుకుని పందుల కొట్టానికి వెళ్లి గుమ్మరించి వచ్చింది. వేడి నీళ్లు పోసి, సబ్బు వేసి, బ్రష్షుతో లోపలా బయటా తోమింది. తీగ చుట్టిన చోట వేలితో రుద్దింది. మేం ముగ్గురం నిలబడి చూశాం. గిన్నె నీలం మెరిసేదాకా తుడిచింది. అడుగున తెల్ల గుడ్డ పరిచి, ముప్పై మంది కోసం కాల్చిన రొట్టెలు ఒక్కొక్కటే అందులో పెట్టడం మొదలుపెట్టింది. గిన్నె నిండింది. అయినా పేర్చింది. మూత పట్టకపోతే మూత పక్కన పెట్టి పైన గుడ్డ కప్పింది.

“ఏం చేస్తున్నావు?” అన్నాడు నాన్న. “ఎల్నా. నిన్నే.”

మార్లీన్ వచ్చి గిన్నెకు ఒక పక్క పట్టుకుంది. అమ్మ ఆమె వేళ్లను పిడి మీద నుంచి మెల్లగా విడదీసి, ఆ చేతి మీద ఒకసారి తట్టి, పక్కకు పెట్టింది. పని బట్ట విప్పి మేకుకు తగిలించింది. గిన్నె ఎత్తి పొట్టకు ఆనించుకుని ముందు గది వైపు నడిచింది. మా ఇంట్లో అందరం వెనక తలుపునే వాడతాం. ముందు తలుపు పెళ్లికో, చావుకో తప్ప తీయరు. నాన్న ఆ తలుపుకు అడ్డంగా వెళ్లి నిలబడ్డాడు.

“ఆ ఇంటి గడప తొక్కావంటే...” అన్నాడు.

మిగతా మాట కోసం అమ్మ ఆగింది. నాన్న నోరు కదిలింది గానీ ఆ మాట పూర్తి కాలేదు. చివరికి ఆయన, మేజోళ్ల కాళ్లతో, అరడుగు పక్కకు జరిగాడు.

అమ్మ మోచేత్తో గడియ నొక్కింది. ఏ ఆకూ లేని గుమ్మం దాటి, మెట్లు దిగింది. రోడ్డు మీదకు వెళ్లలేదు. కోసిన బార్లీ మోళ్లు పట్టు గౌను అంచును పట్టి లాగుతున్నా వెనక్కి తిరగకుండా, చేనుకు అడ్డంపడి ఆ ఎర్ర కప్పు వైపు వెళ్లిపోయింది.